దీర్ఘం ఉన్న కరుణాకుమారి

జూన్ 1

పొద్దున్న కాఫీ తాగుతూ ప్రతిజ్ఞ చేశాను. ఆగస్టులో సమీక్ష అయ్యేదాకా నా సైటేషన్ల పేజీ తెరవను. చచ్చినా తెరవను.

ఈ డైరీ ఎప్పటికైనా ఎవరి చేతిలోనైనా పడితే వాళ్ళకి అర్థం కావాలి కదా, అందుకని రాస్తున్నాను. నేను ఉల్కల మీద పరిశోధన చేస్తాను. నా పేపర్‌ను ఇంకో శాస్త్రవేత్త తన పేపర్‌లో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఇంటర్నెట్లో నా పేరున ఒక పేజీ ఉంది, ఆ లెక్క అందులో ఉంటుంది. నా లెక్క నలభై ఒకటి. రెండేళ్ళుగా నలభై ఒకటే. అయినా లేవగానే చూస్తాను, పళ్ళు తోముకుంటూ చూస్తాను, చర్చిలో పాటకీ పాటకీ మధ్య చూస్తాను. పోయిన ఆదివారం పాస్టరు గారి కంట పడ్డాను.

ఆగస్టు పన్నెండున సమీక్ష కమిటీ వస్తుంది. ‘ఇంపాక్ట్’ లేని ప్రాజెక్టులు ఎత్తేస్తారట. నాది ఎత్తేస్తే మా డాబా మీదున్న యాంటెన్నా ఊడదీసి పట్టుకుపోతారు. నేను ఇన్నేళ్ళుగా చేసిన పనంతా ఆ యాంటెన్నాలోంచి వచ్చిందే. అది పోతే నాకు పని లేదు, జీతం మాత్రం ఉంటుంది. చూస్తూ కూర్చుంటే లెక్క పెరగదు, కొత్త పేపర్ రాస్తే పెరుగుతుంది.

నియమాలు:
ఫోన్లో చూడకూడదు.
ఆఫీసు కంప్యూటర్లో చూడకూడదు.
జేవియర్ ఫోన్లో అసలే చూడకూడదు.

మూడోది మావారు జేవియర్ చేర్చారు. ఆయన ఇక్కడే ఫిల్మ్ నగర్లో, ఒక స్టూడియోలో సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తారు.

జూన్ 2

చూడలేదు. ఎంత హాయిగా ఉందో! కొత్త పేపర్‌కి పేరు పెట్టాను, రెండు పేరాలు రాశాను. అన్నం కూడా రుచిగా అనిపించింది. ఇన్నాళ్ళూ ఈ బుద్ధి ఏమైంది?

జేవియర్ నమ్మలేదు. బైబిల్ మీద ఒట్టేయమన్నారు. ఒట్టు పెట్టుకోకూడదని బైబిల్లోనే ఉందని చెప్పాను.

జూన్ 4

చూడలేదు. ఫోన్ని బియ్యం డబ్బాలో పెట్టాను. మధ్యాహ్నం డబ్బాలోంచి మోగింది, అత్తయ్య గారు చేశారు. తీసి మాట్లాడి, ఫోన్ చేతిలోనే ఉంది కదా అని కాసేపు దానివంక చూశాను. మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. నా మీద నాకు గౌరవం పెరిగింది.

సాయంత్రం మా ఇంటి ఓనరు త్రినాథరావు గారు మెట్ల దగ్గర పట్టుకున్నారు. ఆయన సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక కింద ఒక్కరే ఉంటారు.

“డాక్టరమ్మా, మొహం కళకళ్ళాడిపోతోంది. ఏంటి సంగతి?”

సంగతి చెప్పాను. సైటేషన్ అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

“అంటే టైటిల్ కార్డండీ. వేరేవాళ్ళ సినిమా మొదట్లో కృతజ్ఞతలని మన పేరు వేస్తారు, అదన్నమాట.”

అంతేనన్నాను.

“మీకు వేసింది నలభై ఒక్కళ్ళేనా? నాకు డెబ్భై దాకా ఉంటాయి. అందులో సగం నాకు డబ్బు ఎగ్గొట్టినవాళ్ళే వేశారనుకోండి.”

జూన్ 7

ఇవాళ పండగ. ఉల్కలు రాత్రే రాలతాయని అందరూ అనుకుంటారు. పగలూ రాలతాయి, ఎండలో కనిపించవు, అంతే. ఏటా జూన్ మొదటి వారంలో పగటిపూట వాన కురిసినట్టు రాలతాయి. ఆ పగటి ఉల్కలే నా పని.

కనిపించనివాటిని వినాలి. ఎక్కడో దూరాన ఉన్న, మామూలుగా మన ఊరికి అందని ఒక ఎఫ్.ఎం. స్టేషన్ మీద రేడియో పెట్టి ఉంచుతాను. అంతా గుయ్యిమంటూ ఉంటుంది. పైన ఉల్క మండినప్పుడు, అది పోయిన దారిలోని గాలి ఒక్క క్షణం అద్దంలా పనిచేసి ఆ స్టేషన్ని ఇటు తిప్పుతుంది. అర సెకను పాట ముక్క వినిపించి మాయమవుతుంది. ఆ ముక్క ఒక ఉల్క.

జేవియర్ సెలవు పెట్టి డాబా మీద గొడుగు కింద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నారు. ఆయన లెక్క వేరు.

“ఇది ఏ భాషో తెలీదు కానీ కరుణా, డోలక్ వాయించింది మాత్రం మనవాడే. ఆ దెబ్బ నాకు తెలుసు.”

పదింటి తర్వాత ఉల్కలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏమైందా అని కంగారుపడి చూస్తే, మా ఇంట్లో పనిచేసే నీలమ్మ యాంటెన్నా మీద తడి దుప్పటి ఆరేసింది.

“గా కమ్మి ఖాళీగనే ఉంది గదా మేడమ్. జల్ది ఆరుతదని ఏసిన.”

దుప్పటి తీయగానే మళ్ళీ మొదలు. ఒక పాట ముక్క, ఇంకొకటి, వెంటవెంటనే మూడు. లోకంలో ఇంతకంటే మంచి ఉద్యోగం ఉందా? సైటేషన్ల పేజీ గుర్తే రాలేదు. రాలేదని ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.

జూన్ 10

చూడలేదు. నాది చూడలేదు.

ఆఫీసులో నా గదిలోనే కూర్చునే క్రాంతికుమార్ తోకచుక్కల మనిషి. ఆయన పేజీ చూశాను. ఇంకొకరి పేజీ చూడకూడదని నియమాల్లో ఎక్కడా లేదు. ఆయనకి వెయ్యి దాటాయి.

“ఏంది మేడమ్, గట్ల మొకం ఏలాడేసుకున్నరు? ఫికర్ చెయ్యకున్రి. తోకచుక్కంటే అందరికీ మోజు. మీ ఉల్కలు కనబడయి గదా, గందుకే మెల్లగ వస్తయి.”

ఓదార్పు అనుకుని తీసుకున్నాను. ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమాను.

జూన్ 13

వాన. పేపర్ మూడొంతులైంది. కరెంటు పోతే కింద త్రినాథరావు గారి వరండాలో కూర్చున్నాను.

“డాక్టరమ్మా, మీ పేరు తెలుగులో ఎలా రాస్తారు?”

“కరుణాకుమారి.”

“ణకి దీర్ఘం ఉందా?”

“ఉందండి.”

“మరి ఇంగ్లీషులో మీ బోర్డు మీద అక్కడ ఒక్క ‘ఎ’ యే ఉందే. దీర్ఘం ఏమైపోయినట్టు?”

ఎటు తీసుకెళ్తున్నారో అర్థమైంది. ఈ పేటలో పేరుకి ఒక అక్షరం కలపనివాళ్ళు, తీసేయనివాళ్ళు తక్కువ. ఆయన తన పేరులోనే మూడుసార్లు మార్పులు చేశారు.

“ఇప్పుడు మీ పేరు నంబరు నీళ్ళ మీద ఉందమ్మా. ఇంకో ‘ఎ’ పడిందంటే నిప్పు మీదకొస్తుంది. మీ ఉల్కలు నిప్పే కదా మరి.”

“మాకు న్యూమరాలజీ మీద నమ్మకం లేదండి. నేను సైంటిస్టుని. పైగా క్రిస్టియన్ని.”

“నమ్మకం ఎవరడిగారండీ? దీర్ఘం అడుగుతున్నాను.”

రాత్రి జేవియర్‌కి చెప్తే పడీ పడీ నవ్వారు. అమ్మకి తెలిస్తే ఇంట్లో మూడు రోజులు ప్రార్థన పెట్టిస్తుందన్నారు.

జూన్ 21

పేపర్ పూర్తయింది! పత్రికలో వచ్చేలోపు అందరూ చదువుకునేలా ముందుగానే పెట్టే సైటొకటి ఉంది. అందులో పెట్టేశాను.

ఒక సంగతి రాయాలి. రచయిత పేరు రాయాల్సిన చోట దీర్ఘం పెట్టాను. ఇంకో ‘ఎ’. ఇది న్యూమరాలజీ కాదు, వ్యాకరణం. బడిలో చేర్చినరోజు ఎవరో గుమాస్తా తినేసిన దీర్ఘాన్ని ఇన్నేళ్ళకి నేను వెనక్కి తెచ్చుకున్నాను. తెలుగు మీద అభిమానం ఉండటం తప్పా?

జేవియర్‌కి చెప్పలేదు. త్రినాథరావు గారికి అంతకంటే చెప్పలేదు.

జూలై 3

శోధనలో పడిపోయాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

వాన వస్తుందో లేదో చూస్తానని త్రినాథరావు గారి ఫోన్ అడిగాను. ఆకాశం నెత్తి మీదే ఉంది, తలెత్తితే సరిపోయేది. ఆయన ఇచ్చారు. ఓనరు ఫోన్లో చూడకూడదని నియమాల్లో లేదు. తెరిచాను.

నలభై రెండు.

మళ్ళీ చూశాను. నలభై రెండే. రెండేళ్ళ తర్వాత ప్రపంచంలో ఎవరో నా పాత పేపర్ చదివారు, మెచ్చారు, పేరు పెట్టి రాశారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. త్రినాథరావు గారు కంగారుపడి, “తుఫానా అమ్మా?” అన్నారు.

యూసుఫ్‌గూడ దాకా ఆటోలో వెళ్ళి లడ్డూలు తెచ్చాను. ఒక డబ్బా ఇంటికి, ఒకటి ఓనరుకి, మూడు ఆఫీసుకి. ఎవరు రాశారో రేపు చూస్తాను. ఇవాళ సంతోషించడానికే టైము చాలటం లేదు.

జూలై 4

ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచాను. డైరెక్టరు గారు రెండు తీసుకున్నారు. క్రాంతికుమార్ ఒకటి నోట్లో వేసుకుని తన కంప్యూటర్లో నా పేజీ తెరిచారు.

“జర ఆగున్రి మేడమ్, ఎవరు సైట్ చేసిన్రో చూద్దాం. గిదో దొరికింది. కరుణాకుమారి అంట. ఎవరీమె? మీ చుట్టమా?”

ఆయన చక్కగా, ణా సాగదీసి పలికారు.

సంగతి ఇది. కొత్త పేపర్ రాసేటప్పుడు పాత పేపర్ని ప్రస్తావించకుండా ఎలా రాస్తాను? ప్రస్తావించాను. మామూలుగా అయితే సైటేషన్లు లెక్కపెట్టే సైటు సొంత డబ్బాని లెక్కలోంచి తీసేస్తుంది. కానీ దీర్ఘం ఉన్న కరుణాకుమారిని అది వేరే మనిషి అనుకుంది. ఆవిడకి దానంతట అదే కొత్త పేజీ తయారుచేసి ఇచ్చింది. మొదటి పేపర్ ఈ జూన్లోనే వేసిన కొత్త శాస్త్రవేత్తట. ఆ పిల్ల నన్ను ప్రస్తావించింది.

అంటే రెండేళ్ళ తర్వాత నన్ను మెచ్చుకున్నది నేనే.

క్రాంతికుమార్‌కి దగ్గు తెర వచ్చి నీళ్ళు తాగాల్సి వచ్చింది. లడ్డూలు అప్పటికే అందరూ తినేశారు.

జూలై 5

ప్రతిజ్ఞ మళ్ళీ మొదలు. గట్టిగా.

జేవియర్‌కి చెప్పేశాను. నవ్వలేదు. దాంతో ఇంకా భయమేసింది. కాసేపటికి బాత్రూమ్‌లోంచి నవ్వు వినిపించింది.

జూలై 9

నా పేజీ చూడలేదు. దీర్ఘం కరుణ పేజీ చూశాను. ఆవిడ వేరే మనిషి అని సైటే అంటోంది కదా, నాదేం పోయింది? ఆవిడకి సున్నా ఉన్నాయి. పాపం, కొత్త కదా.

జూలై 12

దీర్ఘం కరుణకి సున్నా. పొద్దున్నా సున్నా, సాయంత్రమూ సున్నా. ఓపిక పట్టాలమ్మాయ్ అని మనసులో అనుకున్నాను.

జూలై 19

దీర్ఘం కరుణకి ఒకటి వచ్చింది. జపాన్ నుంచి!

ఈసారి నిజంగా వేరేవాళ్ళు. అక్కడ ఉల్కల మీద పెద్ద పేరున్న బృందం. ముందు ఎగిరి గంతేశాను. తర్వాత గుర్తొచ్చింది, అది నా లెక్కలో పడదు. నా పాత పేపర్ మీద ఎన్నేళ్ళు చెమటోడ్చాను? జపాన్ వాళ్ళు కన్నెత్తి చూడలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లని మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. ఎండలో డాబా మీద కూర్చుంది నేను, పేరు ఆవిడకి.

జేవియర్ అన్నం వడ్డిస్తూ, “కరుణా, నీ మీద నీకే కుళ్ళా?” అన్నారు. నేను ఆవకాయ ఎక్కువ వేసుకున్నాను.

జూలై 24

రెండు పేజీలూ చూస్తున్నాను. ఇదివరకు ఒకటే ఉండేది. ప్రతిజ్ఞ పట్టాక పని రెట్టింపైంది.

త్రినాథరావు గారికి ఎలాగో తెలిసిపోయింది. జేవియరే చెప్పి ఉంటారు. జపాన్ సంగతి విని ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“చెప్పానా లేదా? నిప్పు మీదకొచ్చింది. ఆ రెండో ఆవిడ పేరు వదలకండి. మొదటావిడని ఇక పక్కన పెట్టేయండి.”

ఆగస్టు 2

రెండు పేజీలూ కలిపేయమని సైటు వాళ్ళకి రాద్దామనుకున్నాను. వాళ్ళ ఫారంలో ‘మార్పుకి కారణం’ అని ఒక గడి ఉంది. దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. సమీక్ష అయ్యాక చూద్దాం. ఇప్పుడు కదిపితే లెక్కలు అటూ ఇటూ అవుతాయి. అదీ కాక ఇవాళ తలనొప్పిగా ఉంది.

ఆగస్టు 12

సమీక్ష అయిపోయింది. ఉన్నదంతా రాసేస్తాను.

కమిటీ అధ్యక్షురాలు పద్మప్రియ గారు. బాగా స్ట్రిక్ట్ అని పేరు. నేను బొమ్మలన్నీ చూపించి, చెప్పాల్సిందంతా చెప్పి నిలబడ్డాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకున్నారు.

“మీ పాత పేపర్‌కి ఈ రెండేళ్ళలో వచ్చిన సైటేషన్ ఒక్కటే. అది కూడా ఇదే ఊళ్ళో ఉన్న, దాదాపు మీ పేరే ఉన్న డాక్టర్ కరుణాకుమారి ఇచ్చింది. ఆవిడ మీకు తెలుసా?”

“తెలుసండి.”

“ఎప్పుడైనా కలిశారా?”

“రోజూ కలుస్తూనే ఉంటానండి.”

క్రాంతికుమార్ వెనక వరసలో తల దించేసుకున్నారు.

“మంచిదే కదా. మొదటి పేపర్‌కే జపాన్ వాళ్ళు సైట్ చేశారు, అంటే మంచి ఫ్యూచర్ ఉంది. కమిటీ అభిప్రాయం ఏమిటంటే, మీ ప్రాజెక్ట్ ఇక్కడితో క్లోజ్ చేసి, ఆ యాంటెన్నా ఆవిడకి ఇచ్చేద్దాం. మీరు సీనియర్ కాబట్టి గైడ్ చేయండి. మీకేమైనా అభ్యంతరమా?”

నోరు మూసుకుంటే చాలు. యాంటెన్నా మా డాబా మీదే ఉంటుంది, కదిలే పనే లేదు. దీర్ఘం కరుణ పేరుతో బతికేయచ్చు. అవునండి అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అలా అంటే రేపట్నుంచి ఏ ఉల్కని రాసుకున్నా నాకే నమ్మబుద్ధి కాదు. లేనిది ఉన్నట్టు రాయకపోవడం ఒక్కటే కదా నాకు చేతనైన పని.

“అభ్యంతరం లేదండి. కానీ ఆవిడా నేనూ ఒకరే.”

మొత్తం చెప్పాను. దీర్ఘం, వాన, త్రినాథరావు గారి వరండా, లడ్డూలు. లడ్డూలు చెప్పక్కర్లేదు, అయినా వచ్చేశాయి.

“న్యూమరాలజీనా?” అన్నారు ఆవిడ.

“వ్యాకరణమండి.”

నాకు చూడటానికి ఎటూ దిక్కులేక ఆవిడ ముందున్న పేరు బోర్డుని చూశాను. పద్మప్రియ అని ఇంగ్లిషులో ఉంది. పలకడానికి అక్కర్లేని హెచ్ ఒకటి, ఆర్ ఒకటి అందులో అదనంగా ఉన్నాయి. నేను చూడటం ఆవిడ చూశారు. బోర్డుని కాస్త తన వైపు తిప్పుకున్నారు.

“సరే. ఆ సైటేషన్ మీకు మీరే ఇచ్చుకున్నది, తీసేస్తున్నాం. ఇక మిగిలింది జపాన్ వాళ్ళదొక్కటి. అందులో వాళ్ళు ఏం రాశారో చదివారా?”

చదవలేదు. జూలై పంతొమ్మిది నుంచి ఆ ఒకటిని రోజూ చూశాను, లోపల ఏముందో ఒక్కసారీ తెరవలేదు. లేదండి అన్నాను. ఈసారి నిజంగా సిగ్గేసింది.

ఆవిడ కాయితం తీసి చదివారు. ఈ అక్షాంశాల మీద పగటి ఉల్కల్ని ఇన్నేళ్ళపాటు ఆపకుండా విన్నది తమకు తెలిసినంతలో ఈ ఒక్క కేంద్రమే అట. అది లేకపోతే తమ లెక్క సగంలో ఆగిపోయేదట. ఆ కేంద్రానికి తాము రుణపడి ఉన్నామట.

కేంద్రం అంటే మా డాబా. నీలమ్మ దుప్పటి ఆరేసే కమ్మి. నాకు ఏడుపొచ్చేసింది, ఆపుకోలేదు కూడా. ఎవరూ చదవడం లేదని నేను రెండేళ్ళుగా కుమిలిపోతున్నాను. ఎక్కడో ఎవరో నిజంగా చదివారు, దాని మీద ఆధారపడి పని చేశారు.

“ఒక్కటే కావచ్చు,” అన్నారు పద్మప్రియ గారు, “మీరు ఆపితే వాళ్ళ పని ఆగిపోతుంది. ఇంపాక్ట్ అని మేం అడిగేది దాని గురించే. యాంటెన్నా ఉంటుంది. ఇంకో మూడేళ్ళు.” కాగితాలు సర్దుకుంటూ, “మీరిద్దరూ గొడవ పడకుండా చేసుకోండి,” అన్నారు.

బయటికి రాగానే క్రాంతికుమార్ ఎదురొచ్చారు. “మేడమ్, ఇద్దరికీ కలిపి దావత్ ఇస్తరా, ఎవరికి వారే ఇస్తరా?”

ఆగస్టు 13

రెండు పేజీలూ కలిపేశాను. ‘మార్పుకి కారణం’ గడిలో తెలుగులోనే ‘దీర్ఘం’ అని రాశాను. వాళ్ళు ఏమనుకుంటే అనుకోనీ.

కలపాలంటే పేజీ తెరవాలి కాబట్టి తెరిచాను. లెక్క ఎంతయిందో ఇక్కడ రాయను. తర్వాత ఇంకోసారి తెరిచాను, సరిగ్గా కలిసిందో లేదో చూడటానికి. మూడోసారికి జేవియర్ వచ్చి ఫోన్ లాక్కున్నారు.

కాబట్టి మళ్ళీ ప్రతిజ్ఞ. వచ్చే సమీక్ష దాకా, అంటే మూడేళ్ళపాటు, సైటేషన్ల పేజీ తెరవను. ఎవరైనా సైట్ చేస్తే లెక్క చూడను, వాళ్ళు రాసింది తెరిచి చదువుతాను. ఓనరు ఫోను, క్రాంతికుమార్ కంప్యూటరు, అత్తయ్య గారి ఫోను, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. జేవియర్ ఇదంతా ఒక కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టమన్నారు.

దీర్ఘం లేని కరుణ పెట్టేసింది. దీర్ఘం ఉన్న కరుణ రేపు పెడతానంది.